గడ్డి కాల్చడానికి ఆరుగురు

అడగందే అమ్మయినా పెట్టదంటారు. మా వైపు లెక్క వేరు. ఇక్కడ అడిగితే అమ్మ కూడా మొహం పక్కకు తిప్పుకుంటుంది. కావలసినవాడు నోరు తెరిచి అడగకూడదు. ఇచ్చేవాడు మూడుసార్లు అనాలి, పుచ్చుకునేవాడు రెండుసార్లు వద్దనాలి. మూడోసారికి గానీ కాఫీ కప్పు చేతికి రాదు. నార్వే నుంచి ఓడెక్కి వచ్చిన తాతల కాలం నుంచీ ఇదే వరస. దీనివల్ల మా మిన్నెసోటా పల్లెల్లో తగాదాలు తక్కువ. మాటలూ తక్కువే.

సెల్మర్ హౌగెన్ ఈ వరసలోనే పుట్టి ఇందులోనే ముసలివాడయ్యాడు. మా ఇంటికి మైలు దూరంలో ఉత్తరాన అతని పొలం. ఇప్పుడు ఎనభై ఒకటి నిండాయి. పెళ్ళి చేసుకోలేదు. ఎవరినో ఒకమ్మాయిని అడుగుదామనుకుని ఎనిమిదేళ్ళు ఆలోచించాడని, ఈలోపు ఆ పిల్లకు ముగ్గురు పిల్లలు పుట్టారని మా ఆయన లాయిడ్ నవ్వుతుండేవాడు. నిజమో కాదో నాకు తెలియదు. సెల్మర్‌ను అడిగితే చెప్పే రకం కాదు.

నేను బడికి వెళ్ళింది ఆరేళ్ళే. ఒంటిగది బడి, పొయ్యిలో కట్టెలు వేయడం ఎక్కువ, చదువు తక్కువ. అందుకేనేమో చుట్టూ తిప్పి మాట్లాడటం నాకు పూర్తిగా పట్టుబడలేదు. అది పై తరగతుల్లో నేర్పుతారు కాబోలు.

సెల్మర్‌తో పాటు అతని అక్క బోర్గిల్డ్ ఉండేది. ఆవిడా పెళ్ళి చేసుకోలేదు. నలభై ఏళ్ళు ఇద్దరూ ఒకే బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని అన్నాలు తిన్నారు. ఆవిడ మాట్లాడేది, అతను తల ఊపేవాడు. చుట్టూ మొక్కజొన్న, సోయా. ఇంటి వెనక ఒక గులకరాళ్ళ గుట్ట, పద్దెనిమిది ఎకరాలు. దాని మీద ఏం వేసినా సగం పంటే. ఒక ఏడాది బోర్గిల్డ్ అంది, "ఆ గుట్టను దాని మానాన వదిలేయరాదూ. మన నాయనమ్మ వచ్చినప్పుడు ఇక్కడ గడ్డి గుర్రం వీపుదాకా ఉండేదట. ఆ నేలకు తెలిసినంత నీకు తెలుసా, నాకు తెలుసా." సెల్మర్ తల ఊపాడు. ఎప్పుడూ ఊపే తలే కదా అని ఆవిడ మర్చిపోయింది. అతను మర్చిపోలేదు.

మా ఊరి పక్కన పాత రైలు కట్ట ఉంది. పట్టాలు ఎప్పుడో పీకేశారు. కట్ట పక్కన రెండు బారల వెడల్పు నేలకు మాత్రం నాగలి ఎన్నడూ తగల్లేదు. తాతలు రాకముందున్న గడ్డి, పూలు అక్కడే మిగిలాయి. సెప్టెంబరు వస్తే సెల్మర్ ఐస్‌క్రీమ్ బకెట్ ఒకటి మెడకు తాడుతో కట్టుకుని ఆ కట్ట వెంబడి నడుస్తూ గింజలు దూసుకునేవాడు. ఐదు శరదృతువులు అదే పని. అటుగా ట్రక్కుల్లో వెళ్ళేవాళ్ళు చెయ్యెత్తేవారు, ఆగేవారు కాదు. ఫిబ్రవరిలో మంచు మీదే ఆ గింజలను తడి ఇసుకలో కలిపి చల్లాడు. మంచు కరిగేటప్పుడు గింజను నేలే లోపలికి లాక్కుంటుందట.

"హౌగెన్ కలుపు మొక్కలు నాటుతున్నాడటగా. మా పొలంలో కావలసినన్ని ఉన్నాయి, అడిగితే ఊరికే ఇచ్చేవాణ్ణి" అని డ్వేన్ చర్చిలో అందరినీ నవ్వించాడు. డ్వేన్ మా వాలంటీర్ ఫైర్ స్టేషన్ పెద్ద. మంచివాడే, నోటికి తాళం లేదు.

మూడేళ్ళు నిజంగానే కలుపే కనిపించింది. నాలుగో ఏడు ఆ గుట్ట పసుపు, ఊదా, తెలుపు పూలతో ఊగిపోయింది. టర్కీకోడి కాలిలా మూడు వేళ్ళు విప్పిన గడ్డికంకులు మనిషి ఎత్తున లేచాయి. అప్పటికి బోర్గిల్డ్ తుంటి అరిగిపోయి చక్రాల ఊతబండి పట్టుకుని నడుస్తోంది. గుట్టంతా చూడాలని ఆవిడ అనలేదు. అనకూడదు కదా. సెల్మరే ఎక్కడా ఎత్తు తెలియకుండా పాములా మెలికలు తిప్పి ఒక దారి కోశాడు. ఊతబండికి సరిపడా వెడల్పు, పైకి వెళ్ళాక ఒక బల్ల. రోజూ మూడు గంటలకు ఇద్దరూ ఒక చుట్టు. దారి పొడుగునా ఆవిడ తిట్లు వినిపించేవి. ఇక్కడ గుంట పూడ్చలేదని, అక్కడ గడ్డి నున్నగా కొయ్యలేదని.

ఇలాంటి గడ్డినేలను మూడు నాలుగేళ్ళకోసారి కాల్చాలి. ఏప్రిల్‌లో, పచ్చదనం లేవకముందే. కాల్చకపోతే పక్క పొలాల నుంచి పశువుల గడ్డి పాకుతుంది, పిట్టలు వేసిన సీడర్ గింజలు చెట్లవుతాయి, పదేళ్ళలో పూలన్నీ నీడకు చచ్చిపోతాయి. నిప్పుకు ఈ గడ్డి చావదు. వేళ్ళు మనిషి నిలువుకన్నా లోతు. ఆరుగురు లేనిదే అగ్గిపుల్ల గీయకూడదని కౌంటీవాళ్ళ నియమం. మాకు ఆరుగురూ ఉండేవారు. నిప్పు పెట్టడానికి సెల్మర్. రబ్బరు పట్టాలు కట్టిన కర్రలతో అంచులు కొట్టడానికి లాయిడ్, ఇద్దరు నిల్సన్ సోదరులు. వీపున నీళ్ళ డబ్బాతో నేను. రోడ్డు మీద కార్లు ఆపడానికి ఎర్ర గుడ్డతో బోర్గిల్డ్. ఆవిడ ఆపితే రైలైనా ఆగేది.

అలా చివరిసారి కాల్చి ఆరేళ్ళయింది. ఆ మరుసటి ఏడు బోర్గిల్డ్ పోయింది. తర్వాత పెద్ద నిల్సన్, ఆ తర్వాత మా లాయిడ్. చిన్న నిల్సన్ వృద్ధుల ఆశ్రమంలో ఉన్నాడు, నన్ను చూసి వాళ్ళమ్మ అనుకుంటాడు. మిగిలింది సెల్మరూ నేనూ.

పోయిన ఏప్రిల్‌లో చర్చి కింది గదిలో, కాఫీ కాచే డబ్బా పక్కనున్న బోర్డు మీద ఒక చీటీ కనిపించింది. సెల్మర్ చేతిరాత, నిలువు గీతలు కర్రల్లా ఉంటాయి. "శనివారం గాలి లేకపోతే గుట్ట కాలుద్దామనుకుంటున్నాను. మధ్యాహ్నం ఒంటిగంటకు. ఎవరికైనా తీరిక ఉంటే రావచ్చు. పని ఉంటే రాకపోయినా పర్లేదు. నేను చూసుకోగలను."

వంటగది పని చూసే గ్లాడిస్, అంటే డ్వేన్ భార్య, కప్పులు తుడుస్తూ చదివింది.

"చూసుకోగలనని రాశాడుగా" అంది.

"ఒక్కడూ పద్దెనిమిది ఎకరాలు ఎలా చూసుకుంటాడే" అన్నాను.

"ఎవరినో మాట్లాడుకునే ఉంటాడులే. పిలవని పేరంటానికి మీద పడి వెళ్తే ఏం బాగుంటుంది, మర్టిల్. నువ్వు వెళ్తున్నావా?"

"నాకు చెప్పలేదు" అన్నాను.

ఆ మాట నేనే అన్నాను. ఆరుగురిలో మిగిలిన ఒక్కదాన్ని, నా ఇంటికి ఒక ఫోన్ చేయకుండా ఊరందరితో పాటు బోర్డు మీద పిలుస్తాడా అని నాకు లోపల గుచ్చుకుంది. పైకి మాత్రం రొట్టె ముక్క కాఫీలో ముంచుకుని తిన్నాను.

శనివారం ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. గాలి లేదు. మా వంటింటి కిటికీలోంచి ఆ గుట్ట కనిపిస్తుంది. ఒంటిగంటకు పొగ కోసం చూశాను. రెండింటికి చూశాను. రెండున్నరకు గిన్నెలు తోమి మళ్ళీ తోమాను. మూడింటికి ఇక ఆగలేక కారు తీశాను.

సెల్మర్ ట్రక్కు వెనక తలుపు దించి దాని మీద కూర్చుని ఉన్నాడు. పక్కనే గోడకు ఆనించి పట్టాల కర్రలు వరసగా ఉన్నాయి. నీళ్ళు నింపిన డబ్బాలు, పెద్ద కాఫీ ఫ్లాస్కు, మైనం కాగితంలో చుట్టిన గుడ్డు రొట్టెలు. లెక్కపెట్టాల్సిన పని లేదు.

"మర్టిల్" అన్నాడు.

"సెల్మర్" అన్నాను.

కాసేపు ఇద్దరం గుట్ట వైపు చూశాం.

"గాలి ఎక్కువైంది. వద్దులే అనుకున్నాను" అన్నాడు.

అతని ఇంటి పొగగొట్టం నుంచి పొగ దారం కట్టి వేలాడదీసినట్టు నిటారుగా లేస్తోంది.

"ఏ గాలి?"

"పొద్దున ఉండింది."

"రొట్టెలు ఆరుగురికి చేశావా?"

"మిగిలితే కోళ్ళకు వేద్దామని."

"నీకు కోళ్ళు ఎక్కడివి, సెల్మర్? బోర్గిల్డ్ ఉండగానే అమ్మేశావుగా."

అతను కాగితం విప్పి ఒక రొట్టె నాకు చాపాడు. వద్దన్నాను. మళ్ళీ చాపాడు. మళ్ళీ వద్దని, మూడోసారి పుచ్చుకున్నాను. ఉప్పు తక్కువైంది. ఆవిడ ఉన్నప్పుడు ఉప్పు సరిగ్గా పడేది.

"ఎలాగూ వచ్చావు, ఒక చుట్టు నడుద్దాం" అన్నాడు.

ఏప్రిల్‌లో ఆ గుట్ట చూడటానికి ఏమీ ఉండదు. నిరుటి గడ్డి ఎండి నక్కతోలు రంగులో భుజాల ఎత్తున నిలబడి ఉంది. నడుస్తుంటే రెండు పక్కలా కాగితాలు నలిపినట్టు చప్పుడు. దారి మాత్రం నున్నగా కోసి ఉంది. ఎక్కడో కంచె మీద పసుపు రొమ్ము పిట్ట ఒకటి కూసింది. మొదటి మలుపు దగ్గర సెల్మర్ మోకాళ్ళ మీద కూర్చుని గడ్డి పక్కకు తీశాడు. కింద గులకల మధ్య బొచ్చు కాడల మీద లేత ఊదా పూలు నాలుగైదు, కోడిపిల్లల్లా ఉన్నాయి.

"మంచు పోగానే వస్తాయి. నిరుడు నూటికి పైగా ఉన్నాయి. నీడ పడుతోంది వీటికి" అన్నాడు.

నీడ దేనిదో చూపించనక్కర్లేదు. గడ్డి మధ్యలో సీడర్ చెట్లు తలలెత్తుతున్నాయి. కొన్ని మోకాలి ఎత్తు, కొన్ని నా గడ్డం దాకా. దారికి కుడి పక్కన పశువుల గడ్డి దుప్పటి పరిచినట్టు పాకింది. అతను చేతి గొడ్డలితో నరికిన మోళ్ళు కూడా కనిపించాయి. ఒక ముసలివాడు ఒక్కడే నరికినన్ని.

"వచ్చే శనివారం కూడా వీలవుతుంది. ఆ తర్వాత పచ్చ లేస్తుంది, పిట్టలు గూళ్ళు పెడతాయి. కాల్చకూడదు" అన్నాడు.

"మరి వచ్చే శనివారం కాల్చు."

"లేదు. ఈసారి కాలకపోతే వదిలేస్తా. కింది పొలం కౌలుకు చేసేవాడు అడుగుతున్నాడు, దున్నుకుంటానని. మంచివాడు. మొక్కజొన్న వేసుకుంటాడు."

ఒక మనిషి ఇరవై రెండేళ్ళు చేసిన పని. పాలు కొనుక్కొస్తానన్నట్టు చెప్పాడు.

"నువ్వు అడిగితే వస్తారు" అన్నాను.

"రాశాగా."

"రాకపోయినా పర్లేదని రాశావు. అది చదివి ఎవడొస్తాడు? నేనే ఒంటిగంటకు రాలేదు."

అతను నడక ఆపలేదు. "రావాలనుకున్నవాళ్ళకు ఎలా రాసినా ఒకటే. అడిగితే వస్తారు, నాకు తెలుసు. నేనెవరికి ఎప్పుడు సాయానికి వెళ్ళానో లెక్కపెట్టుకుని వస్తారు. అలా అక్కర్లేదు నాకు. ఒక్కసారి ఎవరైనా వాళ్ళంతట వాళ్ళు వస్తారేమో చూద్దామనుకున్నా. అంతే."

పైన బల్ల దగ్గర ఆగాం. ఇద్దరిలో ఎవరం కూర్చోలేదు. అక్కడినుంచి చూస్తే నాలుగు పొలాల అవతల నా ఇల్లు కనిపిస్తుంది. ఇటు కిటికీ అంత స్పష్టంగా కనిపిస్తుందని నాకు అంతవరకూ తెలియదు. నేను గిన్నెలు తోముతూ నిలబడ్డ కిటికీ అది.

"నేను చెప్తా వాళ్ళకు" అన్నాను.

"వద్దు, మర్టిల్."

"గుట్ట పోతుంది."

"పోనీ. నువ్వు మాత్రం చెప్పకు."

సెల్మర్ నోటి నుంచి అంత సూటి మాట నేను విన్నది అదే.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టిందనే చెప్పాలి. ఆలోచించి చేసిన పని కాదు. ఆదివారం పాస్టర్ గారు ప్రార్థన ముగించి, ఇంకెవరైనా ఏమైనా చెప్పాలా అని అడిగారు. నేను లేచి నిలబడ్డాను. ఆయన మొహం చిన్నబోయింది. నేను లేస్తే ఆయనకు ఎప్పుడూ అంతే.

"సెల్మర్ గుట్ట కాల్చడానికి ఆరుగురు కావాలి" అన్నాను. "నిన్న ఒంటిగంటకు ఒక్కరూ వెళ్ళలేదు. నేనూ వెళ్ళలేదు. అందరం చీటీ చదివాం, చదవలేదని ఎవరూ బొంకక్కర్లేదు. ఇన్నేళ్ళుగా మనలో ఎవరి ట్రక్కు మంచులో దిగబడినా లాగింది ఎవరు? ఆయన నిన్న ఆరు రొట్టెలు చేసుకుని ట్రక్కు వెనక కూర్చున్నాడు. రెండు గంటలు కూర్చున్నాడు. గాలి ఎక్కువైందని నాతో అబద్ధం చెప్పాడు. వచ్చే శనివారం కాలకపోతే ఆ గుట్ట దున్నేస్తారు."

మావాళ్ళందరూ వెనక వరసల్లోనే కూర్చుంటారు, సెల్మర్ మరీ వెనక. కుర్చీ కిర్రుమంది. అతను టోపీ తీసుకుని, తలుపు చప్పుడు కాకుండా మూసి వెళ్ళిపోయాడు. ఆ తలుపు అంత నెమ్మదిగా మూయడానికి ఎంతసేపు పట్టిందో నేను చెప్పలేను.

ఆ శనివారం పంతొమ్మిది మంది వచ్చారు. డ్వేన్ ఫైర్ ట్రక్కే తెచ్చాడు. గ్లాడిస్ నూడుల్స్, మాంసం కలిపి ఓవెన్‌లో వండిన పెద్ద పళ్ళెం తెచ్చింది. ఇంకో నలుగురు తలా నలుగురికి సరిపడా వంటలు తెచ్చారు. మాకు తప్పు చేశామనిపిస్తే వంట చేస్తాం.

సెల్మర్ అందరికీ పనులు చెప్పాడు. పొట్టి పొట్టి మాటలు. నాకు రోడ్డు మీద ఎర్ర గుడ్డ పని ఇచ్చాడు, అది కూడా డ్వేన్‌తో చెప్పించాడు. ముందు గాలి పోయే వైపు అంచు సన్నగా కాల్చి నిప్పు అవతలికి దాటకుండా నల్లటి కట్ట వేశారు. తర్వాత గాలి వచ్చే వైపు నుంచి అంటించారు. నిప్పు కొంచెం ఆలోచించి, ఒక్కసారి లేచి గుట్ట మీదికి పరిగెత్తింది. గుడ్డలు చింపినట్టు చప్పుడు. సీడర్ చెట్లు ఒక్కొక్కటే చిటపటలాడి భగ్గున వెలిగాయి. ఎలుకల కోసం పైన గద్ద చేరింది. ముప్పావు గంటలో అంతా అయిపోయింది. పద్దెనిమిది ఎకరాలు నల్లగా, ఆవిరి కక్కుతూ, మధ్యలో అతను కోసిన దారి ఒక్కటే గోధుమ రంగులో మెలికలు తిరుగుతూ మిగిలింది.

తర్వాత అందరూ ట్రక్కుల దగ్గర నిలబడి తిన్నారు. వర్షాల గురించి మాట్లాడుకున్నారు. విత్తనాల గురించి, డ్వేన్ మోకాలి ఆపరేషన్ గురించి. పోయిన శనివారం అనే రోజు క్యాలెండర్‌లో లేనట్టే ఉన్నారు. సెల్మర్ ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళాడు. "పని మానుకుని వచ్చారు" అన్నాడు. వాళ్ళు "దానికేముంది" అన్నారు. నా దగ్గరికి రాలేదు. నేను ఎర్ర గుడ్డ మడిచి అతని ట్రక్కులో పెట్టి ఇంటికి వచ్చేశాను.

మే పోయింది, జూన్ పోయింది. చర్చిలో అతను నాకు రెండు వరసలు అవతల కూర్చునేవాడు, చూపు కలవకుండా. మునుపు వారానికోసారి నా తపాలా పెట్టె దగ్గర ట్రక్కు ఆపి వాతావరణం గురించి నాలుగు ముక్కలు చెప్పేవాడు. ఆ నాలుగు ముక్కలు కూడా పోయాయి. నాలుగు ముక్కలే కదా అని మొదట అనుకున్నాను. లాయిడ్ పోయాక వారంలో నాతో ఎవరైనా మాట్లాడేది అవేనని తర్వాత లెక్క తేలింది.

జూలైలో ఒకరోజు, మళ్ళీ ఆగలేక, వెళ్ళాను. ఆ గుట్ట దారికి గేటు లేదు, ఎవరైనా నడవచ్చు. ఎవరూ నడవరు. అంత పూత నేను ఆ గుట్ట మీద ఎప్పుడూ చూడలేదు. గోరుచిక్కుడు కాయంత పొడుగు రేకులు కిందికి వేలాడేసిన లేత ఊదా పూలు, నారింజ రంగు కుచ్చులు, ఆకులన్నీ ఉత్తరానికీ దక్షిణానికీ అంచులు తిప్పి నిలబడే ఒక పొడుగు మొక్క కూడా మొగ్గ తొడిగింది. నల్లటి నేలే కనిపించడం లేదు. తేనెటీగల రొద తప్ప చప్పుడు లేదు.

రెండో మలుపు తిరిగేసరికి సెల్మర్ ఎదురొచ్చాడు. తప్పుకోవడానికి వీల్లేదు, రెండు పక్కలా పూలే.

"బాగా వచ్చింది" అన్నాను.

"పర్లేదు" అన్నాడు.

ఇంకా ఏదైనా అంటాడేమోనని నిలబడ్డాను. టోపీ సర్దుకుని అన్నాడు.

"ఆరుగురు కావాలని చెప్పావు. సరే. రొట్టెల సంగతి ఎందుకు చెప్పావు?"

"ఆ ముక్క చెప్పకపోతే కదిలేవాళ్ళు కాదు."

"అవును" అన్నాడు. "డ్వేన్ ఇప్పుడు ప్రతి వారం ఫోన్ చేస్తాడు. ఏమైనా కావాలా అని. గ్లాడిస్ కేకులు పంపుతుంది. నన్ను చూస్తే గొంతులు తగ్గించి మాట్లాడతారు, జబ్బు మనిషి దగ్గర మాట్లాడినట్టు. మళ్ళీ మూడేళ్ళకు కాల్చేటప్పుడు కూడా వస్తారు. వస్తామని ఇప్పుడే చెప్పారు."

"మంచిదేగా."

"మంచిదే." ఒక పువ్వు మీది తేనెటీగను చూస్తూ నిలబడ్డాడు. "మొదటి శనివారం కాకపోతే రెండో శనివారం, ఒక్కరన్నా వాళ్ళంతట వాళ్ళు వచ్చేవాళ్ళేమో, మర్టిల్."

"వచ్చేవాళ్ళు కాదు, సెల్మర్."

అనకుండా ఉండాల్సింది. నా నోరు ఇంతే.

"ఏమో" అన్నాడు. "ఇక తెలియదుగా."

అతను దారి దిగి, పూలు తొక్కకుండా కాళ్ళు చూసి చూసి పెడుతూ గడ్డిలోకి జరిగి నాకు చోటిచ్చాడు. నేను దాటాక మళ్ళీ దారెక్కి కిందికి వెళ్ళిపోయాడు. వెనక్కి తిరిగి చూశాను. గడ్డి అప్పటికే అతని నడుము దాకా ఉంది. కాసేపటికి టోపీ ఒక్కటే కనిపించింది, తర్వాత అదీ మలుపు తిరిగింది. నేను మిగతా చుట్టు పూర్తి చేసి, పైన బల్ల మీద కూర్చోకుండానే దిగి వచ్చాను.